డచ్చి ఇంటిపేర్లు చదువుదాం – 3: గట్టు మీద కాపురం

పోయిన పాఠంలో తండ్రి పేరు మీద పుట్టిన ఇంటిపేర్లు చూశాం. యాన్ కొడుకు యాన్సెన్, పీటర్ కొడుకు పీటర్సెన్. ఈసారి నేల మీద పుట్టినవి. నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి ఇవే. పేరు విప్పితే లోపల ఎవరో పాతకాలం మనిషి ఇల్లు ఎక్కడుందో కనిపిస్తుంది.

ముందు చిన్న మాటలు పట్టుకోండి. 'వాన్' అంటే 'నుంచి'. 'డెన్', 'డెర్' పని ఇంగ్లీషులో 'ది' చేసే పనే. పాత డచ్చిలో పుంలింగ పదాల ముందు డెన్, స్త్రీలింగ పదాల ముందు డెర్ వచ్చేవి. 'టెన్', 'టెర్' అంటే 'దగ్గర'. వీటిని తీసి పక్కన పెట్టండి. అసలు విషయం మిగిలిన మాటలో ఉంటుంది.

వాన్ డెన్ బెర్ఖ్‌తో మొదలుపెడదాం. నెదర్లాండ్స్‌లో ఎక్కువ మందికి ఉన్న పేర్లలో ఇదొకటి. బెర్ఖ్ అంటే కొండ. మరి ఆ దేశమంతా బల్లపరుపు కదా! ఐరోపాలోని నెదర్లాండ్స్ భూభాగంలో అన్నిటికన్నా ఎత్తైన వాల్సెర్‌బెర్ఖ్ కూడా 322 మీటర్లే. అందుకే ఇంటిపేరులో బెర్ఖ్ అని ఉంటే తిరుమల కొండను ఊహించుకోకండి. చుట్టూ ఉన్న పొలాల కంటే కాస్త ఎత్తుగా ఉన్న మిట్ట అయినా వాళ్లకు బెర్ఖే.

ఇప్పుడు 'డైక్'. నీళ్లు రాకుండా కట్టుకున్న గట్టు. కృష్ణా డెల్టా వాళ్లకు కరకట్ట అంటే చాలు, ఇంక వివరించక్కర్లేదు. ఫుట్‌బాల్ చూసేవాళ్లకు వర్జిల్ వాన్ డైక్ తెలుసు, 'గట్టు నుంచి వచ్చినవాడు'. కంప్యూటర్ సైన్స్ చదివినవాళ్లకు డైక్‌స్ట్రా అల్గారిథమ్ తెలుసు. దగ్గరి దారి కనుక్కునే ఆ పద్ధతిని ఎడ్స్‌ఖర్ డైక్‌స్ట్రా 1959లో ప్రచురించాడు. పరీక్షకు ముందు రాత్రి టెన్షన్‌తో దాన్ని బట్టీ పట్టినవాళ్లలో ఎంతమంది ఆ పేరు వైపు చూసి ఉంటారు? 'స్ట్రా' అనే తోక ఉత్తరాన ఉన్న ఫ్రీస్‌లాండ్‌ది. 'అక్కడ ఉండేవాడు' అని అర్థం. డైక్‌స్ట్రా అంటే గట్టు మీద కాపురం ఉన్నవాడు. ఆయన పుట్టింది రాటర్‌డామ్‌లో, 1930లో. పేరు మాత్రం ఫ్రీస్‌లాండ్ వైపు వేలు చూపిస్తుంది.

కొన్ని పేర్లలో 'వాన్ డెర్' కుదించుకుపోయి 'వెర్' అవుతుంది. వాన్ డెర్ మేర్ కాస్తా వెర్మేర్. మనం వెర్మీర్ అని పిలుచుకునే చిత్రకారుడి పేరు అదే. మేర్ అంటే సరస్సు. వెర్మూలెన్‌లో ఉన్నది మర.

మర అంటే డచ్చి చిత్రకారుడు రెంబ్రాంట్ గుర్తొస్తాడు. పూర్తి పేరు రెంబ్రాంట్ హర్మెన్స్‌జోన్ వాన్ రైన్. పోయిన పాఠం, ఈ పాఠం రెండూ ఆ ఒక్క పేరులోనే ఉన్నాయి. హర్మెన్స్‌జోన్ అంటే హర్మెన్ కొడుకు. ఆ హర్మెన్‌కు లైడెన్‌లో రైన్ నది పాయ పక్కన మర ఉండేది. వాన్ రైన్ అలా వచ్చింది.

రెండు జాగ్రత్తలు. 'వాన్' కనబడగానే జమీందారీ వంశం అనుకోవద్దు. జర్మన్ 'ఫొన్' చాలాసార్లు దొరతనానికి గుర్తు, డచ్చి వాన్ అలా కాదు. ఇక జాబితాల సంగతి. ఒక ఆఫీసు జాబితాలో వాన్ డెన్ బెర్ఖ్ కోసం 'వి' కింద నేను చాలాసేపు వెతికాను. చివరికి 'బి' కింద దొరికింది. నెదర్లాండ్స్‌లో చిన్న మాటలు వదిలేసి అసలు మాట మీదే వరుస వేస్తారు. బెల్జియంలో అయితే 'వి' కిందే ఉంటుంది.

అభ్యాసం: హుక్ అంటే మూల, బ్రుఖ్ అంటే వంతెన, మోలెన్ అంటే మర. హుక్‌స్ట్రా, వెర్‌బ్రుఖెన్, వాన్ డెర్ మోలెన్ ముగ్గురి ఇళ్లూ ఎక్కడుండేవో రాయండి. మచిలీపట్నం, భీమిలి దగ్గర్లో ఉన్నవాళ్లు అక్కడి డచ్చి సమాధుల రాళ్లు కూడా చూడండి. ఇంగ్లీషు అక్షరాలే కాబట్టి కూడబలుక్కోవచ్చు. ఐ, జే పక్కపక్కనే ఉన్నా, వాటి బదులు వై ఉన్నా 'ఐ' అని పలకండి. వాన్, డెర్, 'జోన్' ఎక్కడ కనబడితే అక్కడ ఆగి పేరు విప్పండి.

వచ్చే పాఠంలో వృత్తుల పేర్లు: బక్కర్, విస్సర్, స్మిట్, ముల్డర్.