కుందేలు యాంటీబాడీతో పి53 ప్రొటీన్‌ను వెస్టర్న్ బ్లాట్‌లో గుర్తించడం ఎలా?

పి53 అంటే కణాలు క్యాన్సర్‌గా మారకుండా ఆపే ప్రొటీన్. వెస్టర్న్ బ్లాట్ అంటే ప్రొటీన్లను జెల్ మీద సైజు ప్రకారం విడదీసి, మెంబ్రేన్ అనే పలుచని పొర మీదికి మార్చి, కావాల్సినదాన్ని యాంటీబాడీతో గుర్తించే పద్ధతి. మనిషి ప్రొటీన్‌నో, అందులో ఒక ముక్కనో కుందేలుకు ఇంజెక్ట్ చేస్తే, ఆ ప్రొటీన్‌ను వేర్వేరు చోట్ల పట్టుకునే యాంటీబాడీలు దాని రక్తంలో తయారవుతాయి. ఆ మిశ్రమమే పాలీక్లోనల్ యాంటీబాడీ. చాలాచోట్ల అంటుకుంటుంది కాబట్టి సిగ్నల్ బాగుంటుంది. సంబంధం లేని ప్రొటీన్లకు అంటుకునే ప్రమాదమూ ఉంది. అందుకే బ్యాండ్ (ప్రొటీన్ ఉన్నచోట వచ్చే గీత) కనిపించగానే నమ్మేయకూడదు. అది నిజమో కాదో తేల్చే ఏర్పాటు మొదటి రోజే చేసుకోవాలి.

ముందు కణాలు ఎంచుకోండి. ఏ431 అనే చర్మ క్యాన్సర్ కణాల్లో మ్యుటేషన్ ఉన్న పి53 దండిగా ఉంటుంది. హెచ్1299 అనే ఊపిరితిత్తుల క్యాన్సర్ కణాల్లో ఆ జీన్‌లో కొంత భాగం పోయింది కాబట్టి పి53 అసలు ఉండదు. ఈ రెండూ జెల్‌లో పక్కపక్క లేన్లలో (శాంపిళ్లు నడిచే వరుసల్లో) ఉండాల్సిందే. హీలా కణాలు ఎక్కడైనా దొరుకుతాయి కదా అని వాటిని పాజిటివ్ కంట్రోల్‌గా (పి53 కచ్చితంగా కనిపించాల్సిన శాంపిల్‌గా) వాడకండి. వాటిలో ఉన్న పాపిలోమా వైరస్ ఇ6 ప్రొటీన్ పి53ని నాశనం చేయిస్తుంది.

కణాలను ఐస్ మీదే, ప్రొటియేజ్ ఇన్హిబిటర్ (ప్రొటీన్లు ముక్కలు కాకుండా ఆపే మందు) కలిపిన రిపా బఫర్ అనే డిటర్జెంట్ ద్రావణంలో లైస్ చేయండి, అంటే పగలగొట్టండి. ప్రొటీన్ ఎంతుందో కొలిచి, లేన్‌కు 20–30 మైక్రోగ్రాములు వచ్చేలా శాంపిల్ బఫర్ కలిపి, 95 డిగ్రీల దగ్గర 5 నిమిషాలు వేడి చేసి, 10 శాతం జెల్ మీద నడపండి.

ట్రాన్స్‌ఫర్‌కు, అంటే ప్రొటీన్లను జెల్ నుంచి మెంబ్రేన్‌కు కరెంటుతో మార్చడానికి, పీవీడీఎఫ్ (ఒక రకం ప్లాస్టిక్) మెంబ్రేన్ అయితే ముందు మెథనాల్‌లో తడపాలి. జెల్ నెగటివ్ వైపు, మెంబ్రేన్ పాజిటివ్ వైపు ఉండాలి. తిరగేస్తే ప్రొటీన్ అంతా బఫర్‌లోకి పోతుంది. అయ్యాక ప్రొటీన్లన్నిటికీ పట్టే పాన్సో రంగు వేసి చూడండి. ప్రతి లేన్‌లో ఎర్రటి గీతలు సమానంగా కనబడితే టెన్షన్ లేకుండా ముందుకెళ్లొచ్చు.

5 శాతం స్కిమ్ మిల్క్ కలిపిన టీబీఎస్‌టీలో (ట్వీన్ డిటర్జెంట్ ఉన్న ఉప్పు బఫర్‌లో) గంటసేపు బ్లాక్ చేయండి, అంటే మెంబ్రేన్‌లో ఖాళీ చోట్లకు యాంటీబాడీ అంటుకోకుండా కప్పేయండి. ఇప్పుడు పి53ని పట్టుకునే కుందేలు యాంటీబాడీ, అంటే ప్రైమరీ. వయల్ మూతకు అంటుకున్న చుక్క కిందికి దిగేలా ఒక్క క్షణం స్పిన్ చేసి, 5 మిల్లీలీటర్ల బఫర్‌లో 5 మైక్రోలీటర్లు కలిపితే 1:1000 అవుతుంది. రాత్రంతా 4 డిగ్రీల దగ్గర షేకర్ మీద ఉంచండి. మర్నాడు మూడుసార్లు, పదేసి నిమిషాలు కడిగి, కుందేలు యాంటీబాడీని పట్టుకునే, హెచ్‌ఆర్‌పీ అనే ఎంజైమ్ తగిలించిన సెకండరీ యాంటీబాడీని గంటసేపు వేయండి. ఈ ద్రావణంలో సోడియం అజైడ్ ఉండకూడదు, అది హెచ్‌ఆర్‌పీని పనిచేయనివ్వదు. మళ్లీ కడిగి, ఈసీఎల్ (హెచ్‌ఆర్‌పీ ఉన్నచోట వెలుగునిచ్చే ద్రావణం) పోసి ఇమేజ్ తీయండి.

పి53లో 393 అమైనో ఆమ్లాలున్నాయి. లెక్క ప్రకారం బరువు దాదాపు 44 కిలోడాల్టన్లు. కానీ జెల్ మీద నెమ్మదిగా కదులుతుంది కాబట్టి 53 దగ్గర కనిపిస్తుంది, కంగారుపడకండి. ఏ431లో అక్కడ బ్యాండ్ ఉండి, హెచ్1299లో ఖాళీగా ఉంటే అది పి53 అనడానికి గట్టి ఆధారం. రెండింటిలోనూ వస్తే అది వేరే ప్రొటీన్. అనుమానముంటే ప్రైమరీ లేకుండా సెకండరీ ఒక్కటే వేసిన మెంబ్రేన్ ముక్కను పక్కన పెట్టి చూడండి. అందులోనూ బ్యాండ్ వస్తే తప్పు సెకండరీది.

యాంటీబాడీ లాట్ (తయారైన బ్యాచ్) నంబర్ నోట్‌బుక్‌లో రాసుకోండి. తర్వాతి లాట్ వేరే కుందేలుది కావచ్చు. పాతది అయిపోకముందే కొత్తదాన్ని అదే శాంపిల్ మీద 1:500, 1:1000, 1:2000 డైల్యూషన్లలో పరీక్షించండి.