జలగలు లేవని షార్ట్స్ వేసుకోకండి

సంక్రాంతికి ఊరెళ్లే టికెట్ దొరకనివాళ్లూ, రిపబ్లిక్ డే సెలవు కలిసొచ్చినవాళ్లూ బెంగళూరులో శుక్రవారం రాత్రి బస్సెక్కి కొడచాద్రి, ఆగుంబె, సాగర వైపు ట్రెక్‌కి బయల్దేరతారు. వానలు పోయాయి, జలగలు లేవు కదా అని సగం మంది షార్ట్స్‌లోనే దిగుతారు. జలగ కరిస్తే రక్తం కారి తెలిసిపోతుంది. పిడుదు కరిచినా నొప్పి ఉండదు. పైగా దాని కాలం ఇదే, డిసెంబర్ నుంచి మే దాకా.

పిడుదంటే మనకి గేదె చెవిలో శనగగింజంత ఉబ్బి వేలాడేది గుర్తొస్తుంది. కొన్నిచోట్ల గోమారి అంటారు. అడవిలో మనుషుల్ని పట్టేవి ఎక్కువగా పిల్ల పిడుదులు. గసగసాల గింజంత ఉంటాయి, పుట్టుమచ్చ అనుకుని వదిలేస్తాం.

పిడుదు కరిస్తే ఏ జబ్బొస్తుందని నెట్‌లో వెతికితే ముందు లైమ్ డిసీజ్ అని వస్తుంది. మలెనాడులో, అంటే ఈ పశ్చిమ కర్ణాటక కొండల్లో, అసలు భయం వేరే: క్యాసనూర్ అటవీ వ్యాధి. కన్నడంలో మంగన కాయిలె, అంటే కోతి జబ్బు. 1957లో శివమొగ్గ జిల్లాలో కోతులు చచ్చిపడుతుంటే బయటపడిన, పిడుదులు మోసే వైరస్ ఇది. సోకినవాళ్లలో నూటికి ముగ్గురి నుంచి ఐదుగురు చనిపోతారు. చచ్చిన కోతి కనిపిస్తే దగ్గరికి వెళ్లకండి, దాన్ని వదిలేసిన పిడుదులు అక్కడే ఉంటాయి. ఫారెస్టు వాళ్లకి చెప్పండి.

లేత రంగు ఫుల్ ప్యాంటు వేసుకుని, అంచులు సాక్సులోకి దోపండి. ఫొటోల్లో బాగోదు, పర్లేదు. డీట్ ఉన్న రిపెల్లెంట్ రాసుకోండి. ఆ ఊళ్లలో ఆరోగ్య శాఖ డెపా నూనె పంచుతుంది, అదీ పిడుదుల్ని దూరంగా ఉంచడానికే, హోమ్‌స్టే వాళ్లు ఇస్తే వద్దనకండి. ఎండుటాకుల మీద కూర్చోకండి.

కిందికి దిగాక, బస్సులో నిద్రపోకముందే ఒళ్లు వెతుక్కోవాలి. చంకలు, మోకాలి వెనక, బొడ్డు, నడుము ఎలాస్టిక్ కింద, చెవుల వెనక, జుట్టులో. నాకు ఒకసారి మోకాలి వెనక దొరికింది. మా కడప రూమ్మేట్ వెంటనే కిరోసిన్ కోసం వెతికాడు, వాళ్లింట్లో ఎద్దులకి అదే పూస్తారట. మనిషికి కిరోసిన్, అగ్గిపుల్ల, నెయిల్ పాలిష్ ఏదీ వద్దు. చిరాకుపడితే అది లాలాజలం గాయంలోకే వదలొచ్చు. సన్నమొన ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలితిప్పకుండా నిదానంగా, నిటారుగా లాగండి. నోటి ముక్క లోపల ఉండిపోతే గెలకొద్దు. సబ్బుతో కడిగి, తేదీ ఫోన్‌లో రాసుకోండి.

మూడు నుంచి ఎనిమిది రోజుల్లో ఒక్కసారిగా జ్వరం, విపరీతమైన తలనొప్పి, ఒళ్లునొప్పులు వస్తే డాక్టర్‌తో మొదటి మాటే 'అడవికి వెళ్లొచ్చాను' అని చెప్పండి. లేకపోతే డెంగీ దగ్గరే ఆగిపోతారు. ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్ వేసుకోవద్దు, రక్తస్రావం ముదురుతుంది. తగ్గిన జ్వరం వారం రెండు వారాలకి కొందరిలో తిరగబెడుతుంది. కాలిన మచ్చలాంటి నల్ల పెచ్చు ఎక్కడైనా ఉంటే అదీ చూపించండి, అది చిగ్గర్లనే కంటికి ఆనని సన్న పురుగులు కరిస్తే వచ్చే స్క్రబ్ టైఫస్ అనే జ్వరం కావచ్చు. దానికి డాక్సీసైక్లిన్ బాగా పనిచేస్తుంది.

లైమ్ సంగతి మేలో అమ్మానాన్నల్ని న్యూజెర్సీ పంపేవాళ్లకి. అక్కడ పెరటి గడ్డిలోనూ పిడుదులుంటాయి. కరిచిన మూడు నుంచి ముప్పై రోజుల్లో ఎర్రమచ్చ పెరుగుతూ పోతే వెంటనే డాక్టర్‌కి చూపించాలి, మొదట్లోనే యాంటీబయాటిక్స్ వాడితే నయమవుతుంది. ఆ మచ్చ మామూలుగా నొప్పి, దురద పెట్టదు కాబట్టి నాన్న తనంతట తాను చెప్పడు. వీడియో కాల్‌లో మీరే అడగండి.