గంటల తరబడి వేలాడేవాళ్ళకి: ఎయిడ్, ట్రాడ్ రూట్లకి హార్నెస్ ఎలా ఎంచుకోవాలి?

రాక్ క్లైంబింగ్‌లో, అంటే రాతి కొండలెక్కేటప్పుడు, తాడు కట్టుకోవడానికి నడుముకీ తొడలకీ తొడుక్కునే పట్టీలే హార్నెస్. షాపులో అద్దం ముందు తొడుక్కుని చూస్తే ఏ హార్నెస్ అయినా బాగానే ఉంటుంది. నిలబడ్డప్పుడు దాని మీద బరువే పడదు కదా! నా మొదటి హార్నెస్ తేలిగ్గా ఉందని కొన్నాను. క్లైంబింగ్ జిమ్‌లో నెలల తరబడి ఏ ఇబ్బందీ లేదు. ఓసారి ట్రాడ్ రూట్ మీద, పాదం ఆనించడానికి అంచు కూడా లేని బెలే దగ్గర, అంటే ఎక్కేవాళ్ళ తాడు పట్టుకుని కాపుకాసే చోట, ముప్పావుగంట వేలాడాను. నా వంతు వచ్చి ఎక్కబోతే కుడికాలు తిమ్మిరెక్కిపోయి, పాదం రాతి మీద పడిందో లేదో కూడా తెలియలేదు.

మీ సమయం ఎక్కడ గడుస్తుందో చూసుకోండి

ట్రాడ్‌లో క్యామ్‌లు, నట్లు (జారిపడితే తాడుని ఆపే లోహపు సామాను) రాతి పగుళ్లలో పెట్టుకుంటూ చేతులతో, కాళ్ళతోనే ఎక్కుతాం. సామాను బరువు మోస్తూ కాళ్ళు ఎత్తి ఎత్తి వేయాలి. ఎయిడ్‌లో ఆ సామానుకే పట్టీ నిచ్చెనలు తగిలించి వాటి మీద నిలబడతాం, లేదా హార్నెస్‌లో కూలబడతాం. ఒక్క పిచ్‌కే (ఒక బెలే నుంచి ఇంకో బెలే దాకా ఎక్కే విడత) గంటలు పట్టొచ్చు. కాబట్టి ఎయిడ్‌కి వెడల్పాటి నడుము పట్టీ, మెత్తటి తొడ పట్టీలు కావాలి. అదే పట్టీ ట్రాడ్‌లో మోకాలు పైకెత్తినప్పుడల్లా పక్కటెముకలకి గుచ్చుకుంటుంది, చెమట పట్టిస్తుంది. రెండింటికీ ఒకటే కొనేవాళ్ళు మధ్యరకం వెడల్పున్నది తీసుకోవడం మేలని నా అభిప్రాయం. నెలకోసారైనా పెద్ద రాతి గోడలెక్కేవాళ్ళు మాత్రం రాజీపడకుండా ఎయిడ్ హార్నెస్ విడిగా కొనుక్కోవడమే నయం.

కొలత తీసుకోండి

ప్యాంటు సైజు ఇక్కడ పనికిరాదు. నడుము పట్టీ కూర్చోవాల్సింది తుంటి ఎముకల పైన, బొడ్డు దగ్గర. టేపు అక్కడే చుట్టండి. బిగించాక రెండు చేతులతో పట్టీని కిందికి గట్టిగా లాగండి. తుంటి దాటి జారిందంటే ఆ సైజు మీది కాదు. తలకిందులైనప్పుడు అందులోంచి మనిషి జారిపోయే ప్రమాదం ఉంది. పొట్టకీ పట్టీకీ మధ్య చదునుగా పెట్టిన అరచెయ్యి దూరాలి, పిడికిలి దూరకూడదు. బకిల్ దాటి పట్టీ కొస కనీసం ఏడెనిమిది సెంటీమీటర్లు మిగలాలి. చలికి దళసరి బట్టలు వేసుకునే చోటికి వెళ్తారా? ఆ బట్టలతోనే కొలిచి చూడండి.

నడుముకి ఒకే బకిల్ ఉంటే బిగించినప్పుడు పట్టీ అంతా ఒక పక్కకి జరుగుతుంది. ఒకవైపు గేర్ లూప్‌లు (సామాను తగిలించుకునే వలయాలు) వీపు వెనక్కి పోతాయి, రెండోవైపువి పొట్ట మీదికి వస్తాయి. రెండు బకిల్స్ ఉంటే ఈ గొడవ లేదు.

ఇక వేలాడండి

దీనికి తొందరపడొద్దు. షాపులో తాడు కట్టుకునే ఏర్పాటు ఉంటే కనీసం పది నిమిషాలు వేలాడతానని చెప్పండి, మొహమాటపడకండి. ఏర్పాటు లేకపోతే ఉన్న షాపుకి వెళ్ళండి. గేర్ లూప్‌లకి ఐదారు కిలోల సామాను కూడా తగిలించుకోండి.

మొదటి రెండు నిమిషాల్లో ఏమీ తెలియదు. తరవాత గమనించండి: తొడ లోపలివైపు పట్టీ అంచు కోస్తోందా, కాలివేళ్ళు జివ్వుమంటున్నాయా, నడుము పట్టీ పక్కటెముకల మీదికి ఎక్కి ఊపిరి బిగపడుతోందా? నడుము పట్టీకీ తొడ పట్టీలకీ మధ్య దూరం మీ ఒంటికి సరిపోకపోతే వెనక్కి వాలిపోతారు, లేదా ముందుకి ముడుచుకుపోతారు. ఆడవాళ్ళ మోడళ్ళలో సాధారణంగా ఈ దూరం కాస్త ఎక్కువ ఉంటుంది. పేరు చూసి కాదు, ఏది కుదిరితే అది తీసుకోండి.

ఫోమ్ మందంగా ఉంటే సుఖంగా ఉంటుందని చాలామంది పొరబడతారు. బొటనవేలు, చూపుడువేలు మధ్య గట్టిగా నొక్కి చూడండి. ఒక వేలికి అవతలి వేలు తెలిసిందంటే మీ బరువు కింద ఆ ఫోమ్ అప్పడమే. బరువుని పట్టీ వెడల్పంతా పంచే గట్టి అల్లిక ఉన్న పల్చటి పట్టీ, మెత్తటి మందపాటిదాని కంటే చాలాసార్లు నయం.

ఎంత మంచి హార్నెస్ అయినా కుర్చీ కాదు. పెద్ద గోడల మీద బెలేకి గుడ్డతోనో పలకతోనో చేసిన చిన్న ఆసనం తీసుకెళ్తారు. కాళ్ళు ఆడించకుండా వేలాడితే రక్తం కాళ్ళలోనే నిలిచిపోతుంది, అది ప్రమాదం.

గేర్ లూప్‌లు, మిగతా లూప్‌లు

ట్రాడ్‌కి నాలుగు పెద్ద గేర్ లూప్‌లు చాలు. ఎయిడ్‌కి ఎక్కువుంటే మంచిది. ముందువి గట్టిగా బయటికి నిలబడితే చూడకుండానే క్యారబైనర్ (సామాను తగిలించే లోహపు కొక్కెం) దొరుకుతుంది. వెనకవి మెత్తగా ఉండాలి, లేకపోతే బ్యాగు కింద పడి నడుముకి గుచ్చుకుంటాయి. గేర్ లూప్‌లన్నీ సామానుకే. మనిషి బరువుకి కాదు, వాటికి ఎప్పుడూ యాంకర్ (రాతికి బిగించి మన బరువు ఆనించే ఆధారం) తగిలించకండి. ఎయిడ్ హార్నెస్‌లలో రెండు బెలే లూప్‌లు (ముందువైపు మనిషి బరువు మోసే లూప్‌లు) ఉండేవి దొరుకుతాయి, ఒక్కదానికే అన్నీ తగిలించే రద్దీ తగ్గుతుంది. వెనకాల తాడు లాక్కెళ్ళే లూప్ బరువు తట్టుకునేదో, బూట్లు తగిలించుకోవడానికి మాత్రమేనో లేబుల్ మీద చూడండి.

ఈఎన్ 12277 (యూరప్ భద్రతా ప్రమాణం) లేదా యుఐఎఎ 105 (అంతర్జాతీయ పర్వతారోహణ సమాఖ్య ప్రమాణం) గుర్తు తప్పనిసరి. ఈఎన్ ప్రమాణంలో పెద్దవాళ్ళ నడుము హార్నెస్‌ని 15 కిలోన్యూటన్ల బలంతో, అంటే ఇంచుమించు టన్నున్నర బరువుతో, లాగి పరీక్షిస్తారు.

గోడ మీద రాత్రి గడిపేవాళ్ళకి ఇంకో మాట: తొడ పట్టీల వెనకున్న సాగే పట్టీలు ఊడదీయడానికి వీలుండాలి. నడుము విప్పకుండా ఒంటికి, రెంటికి వెళ్ళడానికి అదే దారి. ఇంట్లోనే ఒకసారి ఊడదీసి మళ్ళీ పెట్టి చూసుకోండి.

పాతది వద్దు

ఎవరో వాడింది చవగ్గా వస్తోందని కొనకండి. ఎక్కడెక్కడ ఒరుసుకుపోయిందో మీకు తెలియదు. చాలా కంపెనీలు వాడకపోయినా తయారైన పదేళ్ళకి పక్కన పెట్టేయమంటాయి. 2006 అక్టోబర్‌లో పేరున్న క్లైంబర్ టాడ్ స్కిన్నర్ అమెరికాలోని యోసెమిటీలో లీనింగ్ టవర్ అనే రాతి గోడ మీంచి తాడుతో దిగుతుండగా, అరిగిపోయిన బెలే లూప్ తెగి చనిపోయాడు. ఎక్కే ప్రతిసారీ ముందు ఆ లూప్‌ని వేళ్ళ మధ్య తిప్పి, తాడు రాసుకునే చోట పీచు లేచిందేమో చూడండి.