క్యాప్సూల్ కాఫీ మెషిన్‌ల సగం కప్పే వస్తుందా? పంపు మార్పియ్యకముందు ఇది చూడుండ్రి

నల్లగొండ, మిర్యాలగూడ దిక్కు పిల్లలు అమెరికాల ఉన్నోళ్ల ఇండ్లల్ల కాఫీ పొడి నింపిన చిన్న డబ్బీ, అంటే క్యాప్సూల్, పెట్టి బటన్ ఒత్తితే కాఫీ పోసే ఈ మెషిన్లు ఇప్పుడు బాగనే కనవడుతున్నయ్. రిపేరుకు తెచ్చే ముందు అడుగున ఉన్న స్టిక్కర్ చదువుండ్రి అని ఎన్నిసార్లు చెప్పినా ఎవ్వరు చదువుతలేరు. 120 వోల్టులని ఉంటే మన 230 ప్లగ్గుల డైరెక్టుగా పెట్టొద్దు, కాలిపోతది.

క్యాప్సూల్ లోపలికే పోతలేదు, మూత పడతలేదు అంటే రకమే వేరు. నెస్ప్రెస్సో అనే కంపెనీ మెషిన్లలనే ఒరిజినల్ అనే రకం వేరు, వెర్టువో అనే రకం వేరు. బయటి కంపెనీల డబ్బా మీద "నెస్ప్రెస్సో కంపాటిబుల్" (నెస్ప్రెస్సోల పడతది) అని ఉంటే అది మామూలుగా ఒరిజినల్‌కే. వెర్టువో మెషిన్ క్యాప్సూల్ అంచు మీది బార్‌కోడ్ చదివి క్యాప్సూల్‌నే గిర్రున తిప్పుతది, దాంట్ల ఇవి పట్టయ్. డోల్చే గుస్టో, కె-కప్ అనే వేరే రకాలు కూడా దేని లెక్క దానిదే. బలవంతంగా నొక్కొద్దు.

అసలు మోసం ఇంకోటుంది. ఒరిజినల్ రకం మెషినే, క్యాప్సూల్ సక్కగనే కూసుంటది, మోటర్ శబ్దం కూడా మామూలే, కానీ కప్పుల సగమే పడతది, అది కూడా పల్చగ. మొదటిసారి నేను పంపు పోయిందనుకొని కొత్తది వేసిన, మెషిన్ తెచ్చిన అమ్మ పైసలు కూడా ఇచ్చింది, వారానికే మళ్ల అదే. అప్పుడు వాడిన క్యాప్సూల్స్ పడే డబ్బా గుంజి చూస్తే అడుగున కాఫీ రంగు నీళ్లు నిండున్నయ్. ఆమె పైసలు ఆమెకు ఇచ్చేసిన గానీ ఇప్పటికీ మనసుకు కష్టమే.

ఏమైతదంటే క్యాప్సూల్ అంచు మీద మెషిన్ గట్టిగా బిగుసుకుంటేనే నీళ్లు లోపల నుంచి పోతయ్. అల్యూమినియం అంచు మెత్తగ ఒదిగి సీల్ అయితది, కొన్ని ప్లాస్టిక్‌వి గట్టిగుండి ఒదగయ్, నీళ్లు పక్క నుంచి జారి డబ్బాలకు పోతయ్. మెషిన్ లోపల చిన్న మార్పు చేసినా బయటి క్యాప్సూల్స్ సరిగ పట్టకపోవచ్చు, 2014ల ఫ్రాన్స్ కాంపిటీషన్ అథారిటీ (కంపెనీల నడుమ పోటీ సక్కగుందో చూసే సర్కారు సంస్థ) ముందు నెస్ప్రెస్సో ఇట్లాంటి మార్పులు పోటీ కంపెనీలకు ముందే చెప్తమని ఒప్పుకున్నది కూడా అందుకే.

పరీక్ష సులువే. డబ్బా ఖాళీ చేసి తుడువుండ్రి, క్యాప్సూల్ లేకుండ ఎస్ప్రెస్సో బటన్ ఒత్తుండ్రి, దగ్గు మందు సీసా కొలత మూతతోని కొలిస్తే 40 మిల్లీలీటర్ల దగ్గర రావాలె. వస్తే పంపు మంచిగున్నట్టే. ఇప్పుడు క్యాప్సూల్ పెట్టి ఒత్తుండ్రి. కప్పుల 20, డబ్బాల 20 వచ్చినయంటే తప్పు క్యాప్సూల్‌ది. డబ్బాల నాలుగు చుక్కలు పడుడు మామూలే, దానికి భయపడొద్దు. సీల్ కాడ ఇరుక్కున్న పొడి తడిబట్టతోని తుడిచి, అల్యూమినియం క్యాప్సూల్ ఒక్కటి పెట్టి చూడుండ్రి, మస్తు మందికి అక్కడికే సెట్ అయితది.

క్యాప్సూల్ లేకున్నా చుక్కచుక్కగనే పడుతుందా, అయితే బోరు నీళ్ల సున్నం, డీస్కేలింగ్, అంటే ఆ సున్నం కరిగించి కడుగుడు, చెయ్యుండ్రి. బోర్డు పోవుడు, పైపు పగులుడు చాలా తక్కువ, వాటి గురించి ఇప్పుడే ఆలోచించొద్దు.

కొత్తగ కొనేటోళ్లు మెషిన్ రేటు కంటే ముందు మీ ఊరికి ఏ క్యాప్సూల్ ఆగకుండ దొరుకుతదో చూడుండ్రి. ఒరిజినల్ రకానికి చాలా కంపెనీలు చేస్తయ్, వెర్టువోకు అంత సులువుగ వేరేవి దొరకయ్. రేటు తక్కువుందని ఒక్కసారే వంద తెప్పియ్యకుండ్రి, పది తెచ్చి డబ్బాల నీళ్లు చూసినంకనే మిగతావి.