కడుపుకి కరెంటు పెట్టించుకునే ముందు: పచ్చ మాత్ర సంగతి, పేగుల జాగ్రత్తలు

తిరుపతి స్విమ్స్‌లోనో, చిత్తూరు వైపు వాళ్లయితే వేలూరు సీఎంసీలోనో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి ‘కరెంటు’ (అంటే రేడియేషన్) మొదలుపెట్టబోతుంటే ఇంట్లో ఎవరో ఒకరు అడుగుతారు: “విటమిన్ ఇ పేగుల్ని కాపాడుతుందట కదా, మెడికల్ షాపులో ఆ ఆకుపచ్చ మాత్రలు తెచ్చేదా?” డాక్టరు రాయకుండా తేవద్దు.

ఆ మాట పుట్టింది ఎలుకల నుంచి. విటమిన్ ఇ అంటే ఒక్కటి కాదు, ఎనిమిది రూపాలు. అందులో గామా టోకోట్రైనాల్ అనేదాన్ని రేడియేషన్‌కి ఒక రోజు ముందు ఎలుకలకు ఇంజెక్షన్‌గా ఇస్తే, పేగు లోపలి పొర, రక్తనాళాల గోడలు తక్కువగా దెబ్బతిన్నాయి. ఇచ్చిన మోతాదు కిలో బరువుకి వందల మిల్లీగ్రాముల్లో ఉంది. షాపులో దొరికే పచ్చ మాత్రలో ఉండేది ఆల్ఫా టోకోఫెరాల్, అది వేరే రూపం. తవుడు నూనెలో టోకోట్రైనాల్స్ ఉన్నమాట నిజమే. వంటకి వాడుకోండి, కానీ దాన్ని మందనుకోకండి.

పైగా ఎదురుదెబ్బ కూడా ఉంది. కెనడాలోని క్యూబెక్‌లో తల, మెడ క్యాన్సర్ రోగులు 540 మందితో జరిపిన పరీక్షలో, రేడియేషన్‌తో పాటు రోజుకి 400 యూనిట్ల ఆల్ఫా టోకోఫెరాల్ ఇచ్చినవాళ్లలో, మాత్రలు వాడుతున్న కాలంలో క్యాన్సర్ తిరగబెట్టడమో, కొత్తగా రెండో క్యాన్సర్ రావడమో ఎక్కువైంది. పేగుని కాపాడేది గడ్డని కూడా కాపాడితే ఏం లాభం? రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకి రక్తస్రావం భయం మరొకటి.

మరి పేగుని కాపాడేదేంటి? నన్నడిగితే ముందు మూత్రసంచి. అది నిండుగా ఉంటే చిన్నపేగు పైకి జరిగి, కిరణాల దారి నుంచి కొంత తప్పుకుంటుంది. రేడియేషన్ ప్లాన్ కోసం స్కానింగ్ తీసిన రోజు ఎన్ని నీళ్లు తాగి ఎంతసేపు ఆగమన్నారో, రోజూ అంతే. బస్సు ఆలస్యమైందని తాగకుండా బల్ల ఎక్కవద్దు, టెక్నీషియన్‌కి చెప్పండి, ఆగుతారు. విరేచనం రోజూ సాఫీగా అయ్యేలా చూసుకోండి. ఐఎంఆర్‌టీ (కిరణాల్ని గడ్డ ఉన్న చోటి ఆకారానికి తగ్గట్టు మలిచి ఇచ్చే పద్ధతి) సదుపాయం ఉందా అని మొహమాటం లేకుండా అడగండి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక రేడియేషన్ తీసుకున్నవాళ్లపై ముంబై టాటా మెమోరియల్ వాళ్లు చేసి 2021లో ప్రచురించిన పరీక్షలో, మూడేళ్లకి పేగు ఇబ్బందులు పాత పద్ధతిలో 42 శాతం ఉంటే, రోజూ స్కాన్‌తో సరిచూసి ఇచ్చిన ఐఎంఆర్‌టీలో 21 శాతమే.

రెండో, మూడో వారంలో నీళ్ల విరేచనాలు మొదలవడం మామూలే. పేగు లోపలి పొర కొన్ని రోజులకోసారి కొత్తగా పుడుతూ ఉంటుంది, ఆ పుట్టుకకే రేడియేషన్ అడ్డం పడుతుంది. అలాంటప్పుడు పచ్చిపాలు, కారం, శనక్కాయ చట్నీ పక్కనపెట్టి మెత్తటి అన్నం, మజ్జిగ, ఓఆర్‌ఎస్ తీసుకోండి. సంగటి పడుతుందో లేదో డైటీషియన్‌ని అడిగి తినండి. వారం వారం సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఎక్కించుకునేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఒంట్లో నీరు తగ్గితే ఆ మందు కిడ్నీని దెబ్బతీస్తుంది. మే నెల ఎండల్లో అయితే చెప్పక్కర్లేదు. శనివారం ఉపవాసాలు, కొండకి నడకమొక్కు తర్వాత తీర్చుకోవచ్చు, స్వామి ఏమీ అనుకోడు.

జ్వరంతో విరేచనాలు, రక్తం పడటం, ఆగని వాంతులు, మూత్రం తగ్గడం, వీటిలో ఏది కనబడ్డా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. విరేచనాలు ఆపే మాత్ర కూడా అడిగే వేసుకోవాలి. టెన్షన్ పడి మీ అంతట మీరే కరెంటు మానేయకండి, మధ్యలో గ్యాప్ పెరిగితే వైద్యం పట్టు తగ్గుతుంది.

అంతా అయిపోయాక నెలలకో, ఏడాదికో మలద్వారం నుంచి రక్తం పడితే మొలలనుకుని మొలల క్లినిక్‌కి పరుగెత్తవద్దు. రేడియేషన్ తగిలిన చోట పరీక్షకని ముక్క తీసినా, కాల్చినా మానని పుండు పడే ప్రమాదం ఉంది. ఎవరి దగ్గరికెళ్లినా పాత ఫైలు ముందు చూపించండి.