ఐసోటోపు ఫలితాలు పొసగనప్పుడు: ప్రాచీనుల వలస, తిండి లెక్కల్లో వచ్చే చిక్కులు

ఐసోటోపులంటే ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న రకాలు. ఎముకల్లో, పళ్లలో వాటి నిష్పత్తిని కొలిచి, ప్రాచీనులు ఎక్కడ పెరిగారో, ఏం తిన్నారో అంచనా వేస్తారు. ల్యాబు నుంచి వచ్చిన పట్టికలో ఒక అంకె మిగతావాటికి దూరంగా ఉంటే, కొత్త విషయం దొరికిందని సంబరపడే ముందు ఇవి చూసుకోండి.

సమస్య: ఎముకల స్ట్రాన్షియం అందరిదీ ఒకేలా ఉంది, పైగా తవ్విన చోటి మట్టితో సరిపోతోంది

స్ట్రాన్షియం రాళ్లు, మట్టి నుంచి నీళ్లు, తిండి ద్వారా ఒంట్లోకి చేరే మూలకం; దాని ఐసోటోపుల నిష్పత్తి చోటును బట్టి మారుతుంది. సరిపోయినంతమాత్రాన అందరూ స్థానికులే అని రాయకండి. ఎముక నిండా సందులే. వందల ఏళ్లపాటు నేలలోని నీరు వాటిలోకి దిగి, అక్కడి స్ట్రాన్షియంను నింపేస్తుంది. అప్పుడు ఆ అంకె చెప్పేది నేల సంగతే తప్ప మనిషి సంగతి కాదు.

పంటి ఎనామిల్ (పన్ను పైనుండే గట్టి పొర) తీసుకోండి. ఒకసారి ఏర్పడ్డాక అది దాదాపుగా మారదు. మొదటి పెద్ద దవడపన్ను పైభాగం సుమారు మూడేళ్ల వయసుకల్లా ఏర్పడుతుంది, జ్ఞానదంతానిది ఎనిమిదేళ్ల తర్వాత. ఒకే మనిషి నుంచి రెండూ దొరికితే, చిన్నతనంలో ఊరు మారిన సంగతి బయటపడే అవకాశం ఉంది. గీరేటప్పుడు తెల్లగా, గట్టిగా ఉన్న పొర మాత్రమే రావాలి. కింద పసుపుగా కనిపించే డెంటిన్ కాస్త కలిసినా మళ్లీ ఎముక కథే. సింధు నాగరికతకు చెందిన హరప్పా, ఫర్మానా సమాధుల్లోని వారిలో పలువురు బాల్యంలో వేరే చోట నుంచి వచ్చారని 2015లో తేల్చింది ఎనామిల్‌లోని స్ట్రాన్షియం, సీసమే.

దహనం చేసిన అవశేషాలైతే పళ్ల ఎనామిల్ పగిలిపోయి ఉంటుంది. కంగారు లేదు, తెల్లబడేదాకా కాలిన ఎముక స్ట్రాన్షియంను బాగానే కాపాడుతుంది. ఇంగ్లండ్‌లోని ప్రాచీన రాతివలయం స్టోన్‌హెంజ్‌లో అలాంటి 25 మందిని పరీక్షించి, కనీసం 10 మంది ఆ పరిసరాల్లో బతికినవారు కారని 2018లో చెప్పగలిగారు.

సమస్య: మనిషి ఎక్కడో దూరదేశం నుంచి వచ్చినట్టు తేలింది

అసలు తగాదా అంతా ఇక్కడే. డెన్మార్క్‌లోని ఎగ్‌ట్వెద్ దగ్గర 1921లో ఓక్ దుంగ శవపేటికలో ఒక యువతి దొరికింది. పూడ్చింది క్రీ.పూ. 1370 ప్రాంతంలో. ఆమె పన్ను, జుట్టు, గోరు పరీక్షించి, బహుశా దక్షిణ జర్మనీలోని బ్లాక్ ఫారెస్ట్ వైపు నుంచి వచ్చిందని 2015లో ప్రకటించారు. 2019లో ఆర్హస్ విశ్వవిద్యాలయం వారు అడ్డం తిరిగారు. స్థానిక విలువల కోసం తీసుకున్న నీళ్లు పొలాల మధ్య నుంచి పారేవి. ఆ పొలాల్లో రైతులు వేసిన సున్నంలోనూ స్ట్రాన్షియం ఉంది, దాని నిష్పత్తి తక్కువ. సున్నం తగలని చోట్ల కొలిస్తే, ఆమె విలువలు సమాధికి దగ్గరలోనే దొరికాయి. సున్నం పై పొరల్లోనే నిలిచిపోతుందని మొదటి పక్షం 2020లో బదులిచ్చింది.

ఎవరి మాట నెగ్గినా మీరు చేయాల్సింది ఒకటే: ‘స్థానికం’ అన్న కొలతను ముందు అనుమానించండి. ఎరువు పడని అడవి, గుట్టల మీది మొక్కలు, తవ్వకంలోనే దొరికిన ఎలుకలు, నత్తల లాంటి చిన్న ప్రాణుల అవశేషాలు తీసుకోండి. మన దగ్గరైతే జిప్సం, సూపర్ ఫాస్ఫేట్ చల్లిన చేలను వదిలేయండి. దక్కన్ బసాల్ట్ నేలల్లో నిష్పత్తి తక్కువ, తెలంగాణ, రాయలసీమల పాత గ్రానైట్ నేలల్లో ఎక్కువ. ఒక్క నమూనాతో జిల్లా మొత్తానికి విలువ కట్టేయడం నా దృష్టిలో నేరమే. ఇంకో మాట: నిష్పత్తి కలవకపోతే ‘ఇక్కడివాడు కాదు’ అనవచ్చు. కలిస్తే మాత్రం ‘ఇక్కడివాడే’ అనలేం, అదే రకం రాయి మరో దేశంలోనూ ఉంటుంది.

సమస్య: కొల్లాజెన్ అంకెలు అర్థం లేకుండా ఉన్నాయి

కొల్లాజెన్ ఎముకలోని మాంసకృత్తి; తిండి లెక్కకు దాని కార్బన్, నైట్రోజన్ ఐసోటోపులనే కొలుస్తారు. అందులో కార్బన్, నైట్రోజన్ పరమాణువుల నిష్పత్తి 2.9 నుంచి 3.6 లోపు లేకపోతే ఆ నమూనాను పక్కన పెట్టండి. వేడి దేశాల్లో కొల్లాజెన్ మిగలడమే కష్టం. కార్బన్ వరకు ఎనామిల్ ఆదుకుంటుంది. కానీ అది మొత్తం తిండిని చూపుతుంది, కొల్లాజెన్ మాంసకృత్తుల వైపు మొగ్గుతుంది. రెండింటినీ ఒకే గ్రాఫులో కలపకండి.

సమస్య: పసిపిల్లలు పెద్దల కంటే ఎక్కువ మాంసం తిన్నట్టు కనిపిస్తున్నారు

కారణం తల్లిపాలు. మాంసం ఎక్కువ తినేవారిలో నైట్రోజన్ ఐసోటోపు విలువ పెరుగుతుంది; పాలు తాగే బిడ్డ నైట్రోజన్ విలువ తల్లి కంటే వెయ్యికి 2 – 3 ఎక్కువగా ఉంటుంది. పెద్దల్లో ఎక్కువ కనిపిస్తే చేపలు, పెంట ఎరువు వేసిన పంట, ఎడారి వాతావరణం కూడా కారణం కావచ్చు. పప్పులు ఎక్కువ తింటే విలువ తగ్గుతుంది. అదే చోటి, అదే కాలపు పశువుల ఎముకలు పక్కన లేకుండా తీర్పు చెప్పకండి.

సమస్య: కార్బన్ ‘చిరుధాన్యాలు’ అంటోంది, ఏవో తెలియడం లేదు

గాలిలోని కార్బన్‌ను పట్టుకునే తీరును బట్టి మొక్కలు సి3, సి4 అని రెండు రకాలు, వాటి కార్బన్ విలువలు వేరు. జొన్న, సజ్జ, రాగి, కొర్ర అన్నీ సి4 మొక్కలే. వరి, గోధుమ, పప్పులు సి3. పైగా జొన్న చొప్ప మేసిన ఆవు పాలు తాగినా అదే గుర్తు పడుతుంది. దక్షిణ దక్కన్ నవీన శిలాయుగపు రైతులు అండు కొర్రలు పండించారని తెలిసింది మాడిన గింజల వల్ల. కాబట్టి పొయ్యిల బూడిద జల్లించండి, పంటి గారలో పిండిరేణువులు వెతకండి. పళ్లను శుభ్రం చేసే ఉత్సాహంలో ఆ గారను కడిగేయకుండా ముందే గీరి దాచుకోండి.