భాగస్వామి కంపెనీల లాగిన్‌ను మన పోర్టల్‌కి కలిపే ముందు

డీలర్లు, రవాణా కంపెనీల ఉద్యోగులు తమ ఆఫీసు లాగిన్‌తోనే మన పోర్టల్‌లోకి వచ్చేలా చేస్తున్నారా? గో-లైవ్‌కి (అందరికీ అందుబాటులోకి తెచ్చే రోజుకి) ముందు ఇవి తప్పక చూడండి.

• మనిషిని ఈమెయిల్‌తో గుర్తించకండి. మానేసిన రమేష్ మెయిల్ ఐడీని అటువాళ్లు రేపు ఇంకో రమేష్‌కి ఇవ్వొచ్చు. పాతాయనకున్న బిల్లుల ఆమోదం హక్కు కొత్తాయనకు వచ్చేస్తుంది, మనకు తెలియను కూడా తెలియదు. మారని యూజర్ ఐడీని, దాన్ని జారీ చేసిన కంపెనీ ఐడీతో కలిపి వాడండి.

• ఏ కంపెనీ అయినా తన ఉద్యోగుల గురించి మాత్రమే ‘ఈయన మావాడే’ అని హామీ ఇవ్వగలగాలి. లేదంటే ఒక డీలర్ సిస్టమ్ హ్యాక్ అయితే మిగతా అందరి పేర్లతోనూ లోపలికి రావొచ్చు.

• అటువైపు ఖాతా మూసేసినా, మన పోర్టల్‌లో ముందే తెరిచిన సెషన్ (లాగిన్ అయి ఉన్న స్థితి), ఏపీఐ టోకెన్ (ప్రోగ్రాములు లోపలికి రావడానికి వాడే డిజిటల్ తాళం) పనిచేస్తూనే ఉంటాయి. వాటి గడువు తగ్గించండి. మన పోర్టల్‌లో వాళ్లకున్న పాత పాస్‌వర్డ్ ఖాతాలు కూడా తీసేయండి. అందరూ మర్చిపోయేది ఇదే.

• ఎస్‌ఏఎంఎల్ (ఒక కంపెనీ లాగిన్‌ను ఇంకో కంపెనీ పోర్టల్ నమ్మేలా చేసే పద్ధతి) సందేశాలపై డిజిటల్ సంతకానికి వాడే సర్టిఫికెట్‌కు గడువుంటుంది. మైక్రోసాఫ్ట్ లాగిన్ సేవ ఎంట్రాలో మామూలుగా 3 ఏళ్లు. అది తీరిన ఉదయం ఎవరికీ లాగిన్ అవ్వక ఒకటే టెన్షన్. రిమైండర్‌ను ఒక్కరికి కాకుండా టీమ్ మెయిల్‌కి పెట్టండి.

• సర్వర్ల గడియారాలు సరిచూడండి. రెండు వైపులా కొన్ని నిమిషాల తేడా ఉన్నా పోర్టల్ లాగిన్‌ను తిరస్కరించొచ్చు.